డీడలస్, ఇకారస్: రెండు చిన్న గ్రంథములు

1923 ఫిబ్రవరి 4వ తేదీన, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు ‘హెరెటిక్స్’ అను పేరుతో వెలసిన చర్చాసంఘమువారి సమావేశమున, ముప్పదియేండ్లు నిండి మూడు నెలలైనను గడవని యువశాస్త్రజ్ఞు డొకడు, రాబోవు కాలమున విజ్ఞానశాస్త్రము మానవజీవితము నెట్లు మార్చివేయునో ఊహించుచు ఒక వ్యాసమును చదివెను. అతని పేరు జె.బి.ఎస్. హాల్డేన్. ఆ వ్యాసమే ‘డీడలస్’ అను పేర చిన్న పుస్తకమై వెలువడి, చదివినవారిలో కొందఱిని ముగ్ధులను జేసి, మఱికొందఱిని కలవరపెట్టినది. 1924లో బెర్ట్రాండ్ రస్సెల్ దానికి ప్రత్యుత్తరముగా ‘ఇకారస్’ అను మఱియొక చిన్న పుస్తకమును వ్రాసెను. గ్రీకుల పురాణగాథలలో డీడలస్ క్రీటు ద్వీపపు మహాశిల్పి. ఈకలను మైనముతో అతికి రెక్కలు కల్పించి కారాగారమునుండి ఎగిరిపోయినవాడు. ఇకారస్ అతని కుమారుడు. తండ్రి హెచ్చరికను మఱచి సూర్యునకు మిక్కిలి సమీపముగా ఎగిరి, మైనము కరగగా సముద్రమున పడి మరణించినవాడు. తండ్రి పేరును హాల్డేన్ ఎన్నుకొనుటయు, కుమారుని పేరును రస్సెల్ ఎన్నుకొనుటయు ఆ యిరువుర దృష్టిభేదమును మొదటి పుటకు ముందే తెలియజేయుచున్నవి.

ఈ రెండు పుస్తకములును గంటసేపటిలో చదివి ముగింపదగినంత చిన్నవి. ఐనను, విజ్ఞానశాస్త్రమును, మానవుని ఊహాశక్తిని, మానవస్వభావమును ఒకేచోట నిలిపి పరీక్షించిన గ్రంథములలో వీనికి సాటివచ్చునవి అరుదని నా యభిప్రాయము. వీనిలోని జోస్యములు కొన్ని ఫలించినవి, కొన్ని ఫలింపలేదు. ఆ లెక్కను తేల్చుట వలన మనకు గలుగు ప్రయోజనము స్వల్పము. సునిశితమైన బుద్ధి గల యిద్దఱు మనుష్యులు యంత్రమును ఎంతదూరము ముందుగా చూడగలిగిరో, ఆ యంత్రమును చేతబట్టబోవు మనుష్యుని ఎంత కొంచెముగా చూడగలిగిరో ఈ గ్రంథములు మనకు చూపును. వీనిని ఈనాడు మరల తెఱచి చూడవలసిన కారణ మదియే.

హాల్డేన్ ఊహలు గ్రంథాలయమున పుట్టినవి కావు. అతని తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన మహనీయుడు. బొగ్గుగనులలోని విషవాయువులను తానే పీల్చి వాని ప్రభావమును కొలిచినవాడు. 1915 ఏప్రిల్ 22వ తేదీన ఈప్రె సమీపమున జర్మనులు క్లోరిన్ వాయువును ప్రయోగించినపుడు, దానినుండి సైనికులను కాపాడు సాధనమును కనుగొనుట కొఱకు బ్రిటిషు ప్రభుత్వము ఆయననే ఫ్రాన్సుకు పంపెను. ఆ సమయమున బ్లాక్ వాచ్ దళమున సైనికాధికారిగా కందకములలో నున్న కుమారుడు తండ్రి పిలుపు నందుకొని వచ్చి, క్లోరిన్ నింపిన గదిలో కూర్చుండి, ముసుగుతోడను ముసుగులేకయు ఎంతసేపు ఊపిరి నిలుపుకొనవచ్చునో తన ఊపిరితిత్తులపైననే పరీక్షించుకొనెను. ‘డీడలస్’ యుద్ధరంగపు స్మృతితో ఆరంభమగుట కిదియే కారణము. శాస్త్రము మనుష్యులను వేలకొలదిగా చంపగలదని కన్నులార చూచియు, శాస్త్రముపై ఆశ వదలుకొనని మనుష్యుని మాటలుగా వానిని చదువవలెను.

ఆ గ్రంథమున నన్ను మిక్కిలి ఆకర్షించిన భావ మొకటి కలదు. అగ్నిని స్వర్గమునుండి తెచ్చిన ప్రొమీథియస్ వలె భౌతిక రసాయన శాస్త్రములలో క్రొత్తను కనుగొనువాడు దేవతల నవమానించినవాడుగా తోచును. జీవశాస్త్రమున క్రొత్తను కనుగొనువాడో, ప్రకృతినే అపవిత్రము చేసినవాడుగా తోచును. డీడలస్ అట్టివాడు, దేవతలు వానిని దండింపకపోయినను మనుష్యులు వానిని చూచి రోయుదురు. ఐతే ఆ రోత శాశ్వతము కాదు. ఇందులకు హాల్డేన్ చూపిన ఉదాహరణము ఆవుపాలు. తల్లికిని బిడ్డకును మాత్రమే సంబంధించిన ఆహారమును మఱియొక జాతి జంతువు పొదుగునుండి పిదికి త్రాగవచ్చునని మొట్టమొదట తలచిన మనుష్యుని చూచి, అతని తోటివారు ఎంతగా ముఖము త్రిప్పుకొనియుందురో యని అతడు మనలను ఆలోచింపుమనును. అదే పాలు కాలక్రమమున నిత్యాహారమై, పిమ్మట పూజాద్రవ్యమై, ఆ జంతువునకు పవిత్రత్వమును గూడ సంపాదించిపెట్టినవి. ఇచ్చట హిందువుల గోపూజను హాల్డేన్ ప్రత్యేకముగా స్మరించెను. జీవశాస్త్రసంబంధమైన ప్రతి నూతనకల్పనయు మొదట వికృతిగా కనబడి, తుదకు ఎవరును ప్రశ్నింపని ఆచారముగా స్థిరపడునని అతని సిద్ధాంతము. పంచామృతములలో పాలను పెరుగును నేతిని చేర్చి అభిషేకము చేయు మనకు ఈ మాట వినగానే కొంత చివుక్కుమనవచ్చును. కాని ఆ చివుక్కుమనుటయే అతని సిద్ధాంతమునకు సాక్ష్యము గదా!

ఇక జోస్యములు. బొగ్గు, చమురు తఱిగిపోయిన పిమ్మట ఇంగ్లండు దేశమంతట లోహపు గాలిమరలు వరుసలు తీర్చి విద్యుత్తు నుత్పత్తి చేయుననియు, గాలి విరివిగా వీచునపుడు మిగిలిన విద్యుత్తుతో నీటిని ఉదజని, ప్రాణవాయువులుగా విడదీసి, ద్రవరూపమున భూగర్భమున నిలువచేసి, గాలి లేనప్పుడు వాడుకొందురనియు అతడు వ్రాసెను. దానికి నన్నూఱేండ్లు పట్టునని అతని లెక్క. నూఱేండ్లకే ఆ పని ఆరంభమైనది. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. ఇందు అతడు సామర్థ్యమును చూపెనే గాని సాహసమును చూపలేదు.

సాహస మున్నది తల్లిగర్భమునకు వెలుపల శిశువును పెంచుటను గూర్చిన పుటలలో. ఈ భాగమును అతడు చమత్కారముగా, నూటయేబదియేండ్ల పిమ్మట కేంబ్రిడ్జిలో చదువుచుండు ఒక మందబుద్ధి విద్యార్థి తన గురువునకు చదివి వినిపించు వ్యాసముగా రచించెను. ఆ విద్యార్థి లెక్క ప్రకారము 1951లో మొదటి బాహ్యగర్భ శిశువు జన్మించును. 1968 నాటికి ఫ్రాన్సు దేశమున ఏటేట 60,000 మంది శిశువులు ఈ పద్ధతిని పుట్టుచుందురు. అతని కాలమునకు తల్లి కడుపున పుట్టువారు నూటికి ముప్పదిమందికంటె తక్కువ.

ఈ మాటలు చదివినపుడు తెలుగువారికి ఆదిపర్వము స్ఫురించుట సహజము. వ్యాసమహర్షి గాంధారి గర్భమునుండి పతనమైన మాంసపిండమును విభజించి నేతికుండలలో నుంచగా నూర్వురు కుమారులును ఒక కుమార్తెయు జన్మించిరి. ద్రోణుడు పేరుకు తగినట్లు ద్రోణమున పుట్టినవాడు. కాబట్టి ఈ విద్య మనవారికి పూర్వమే తెలిసియుండెనని వాదించువా రున్నారు. ఆ వాదము మన పురాణకవులకు గౌరవము కాదు, అపచారము. వారు కోరిక యొక్క రూపమును చూచిరి. శతపుత్రులను గోరిన స్త్రీ తన తోడికోడలు ముందుగా ప్రసవించినదని విని కడుపు మోదుకొనుటలోని దుఃఖమును చూచిరి. నేతికుండలో పిండమునకు రక్త మెట్లు చేరును, ప్రాణవాయు వెట్లు చేరును అను ప్రశ్న వారిది కాదు. హాల్డేన్ వేసికొనినది ఆ ప్రశ్నను మాత్రమే. రక్తమునందలి ఆమ్లక్షార నిష్పత్తిని ఎఱిగినవాడు, వాయువులు కణములలోనికి చొరబడు తీరును కొలిచినవాడు గనుక, అండమును వెలుపల పోషించుట అసాధ్యము కాదని అతనికి తెలియును. పురాణకవి యెఱిగిన దుఃఖము అతని పుటలలో లేదు. ఆ లోపమును గూర్చి ముందు చెప్పెదను.

‘డీడలస్’నందు క్షమింపరాని వాక్యములును కొన్ని కలవు. తరువాతి తరమునకు తల్లిదండ్రులుగా ఉత్తములైన కొలదిమందినే ఎన్నుకొందురనియు, బాహ్యగర్భవిద్య యే లేకున్నచో అధములు అధికసంతానమును గని నాగరికతను కూల్చివేసియుందురనియు ఆ విద్యార్థిచేత హాల్డేన్ పలికించెను. ఎవరు ఉత్తములు, ఎవరు అధములు, వారి నెంచువా రెవరు అను విచారణ ఆ పుటలలో లేదు. ఆనాటి విద్యావంతులలో బహుజనులకు ఈ భావములు సమ్మతములే. ఐనను పాలను గూర్చి అంత నిశితముగా ఆలోచించినవాడు మనుష్యుల తారతమ్యమును గూర్చి ఆలోచింపక వదలుట విచారకరము.

రస్సెల్ సరిగా ఇచ్చటనే పట్టుకొనెను. యుద్ధమును వ్యతిరేకించి వ్రాసిన నేరమునకు 1916లో ట్రినిటీ కళాశాలలో ఉద్యోగమును పోగొట్టుకొని, 1918లో బ్రిక్స్‌టన్ కారాగారమున నెలల తరబడి గడిపిన ఆ తత్త్వవేత్తకు, ప్రభుత్వముల చేతికి క్రొత్త శక్తి చిక్కినపుడు ఏమి జరుగునో పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన అవసరము లేకపోయెను. శాస్త్రము మనుష్యుల కోరికలను మార్చదు, వానిని తీర్చుకొను బలమును మాత్రము పెంచును. ఆ బలము మొదట చేరునది అధికారమున నున్నవారికి. వారి కోరికలు నేటివరకు దయతో గూడినవిగా కనబడలేదు. ఇది అతని తర్కము. సంతానోత్పత్తిని అదుపులో బెట్టు విద్య ప్రభుత్వమునకు దక్కినచో, పాలకులను ఎదిరించుటయే బుద్ధిమాంద్యమునకు లక్షణమని నిర్ణయించి, ఎదిరించినవారికి సంతానము లేకుండ జేయుదురని అతడు భయపడెను. తలలో నెంత తెలివి యున్నను హృదయమున దయ లేనిదే ఆ తెలివి వినాశహేతువగునని అతని తీర్పు.

ఎవరి మాట నెగ్గినది? 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము వర్జీనియా రాష్ట్రపు నిర్బంధ వంధ్యీకరణ శాసనమును సమర్థించెను. ఆ దేశమున వివిధ రాష్ట్రముల శాసనముల క్రింద 60,000 మందికి పైగా ఆ శస్త్రచికిత్సకు గుఱియైరి. 1933 జూలైలో జర్మనీయందు హిట్లరు ప్రభుత్వము అట్టి శాసనమునే చేసి సుమారు 4 లక్షలమందికి దానిని వర్తింపజేసెను. మన దేశమున 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో జరిగిన బలవంతపు శస్త్రచికిత్సల ఉద్దేశము జనసంఖ్యను తగ్గించుటయే యైనను, లక్ష్యపు లెక్కలు నింపవలసిన అధికారుల చేతికి చిక్కినవారు బీదవారు, నోరులేనివారు. ఈ విషయమున రస్సెల్ చూపు సూటిగా తగిలినదని ఒప్పుకొనక తప్పదు.

హాల్డేన్ తన యభిప్రాయమును పట్టుకొని వ్రేలాడినవాడు కాడు. 1938లో ‘హెరిడిటీ అండ్ పాలిటిక్స్’ అను గ్రంథమున, జన్యుశాస్త్రపు గణితముతోనే, నిర్బంధ వంధ్యీకరణ వలన వ్యాధులు తొలగునను వాదము ఎంత బలహీనమో నిరూపించెను. అంతర్గతముగా దాగియుండు జన్యుదోషము అనేకులలో బయటపడక తరతరములు సాగునుగనుక, బయటపడిన కొద్దిమందిని శిక్షించుట వలన అది తఱుగుట అతిమందగతిని జరుగునని అతని లెక్క. కాని మఱియొక చోట అతడే జారిపడెను. కమ్యూనిస్టు పక్షమున చేరి, ఆ పక్షపు పత్రికకు శాస్త్రవ్యాసములు వ్రాయుచుండిన దినములలో, సోవియట్ దేశమున లైసెంకో జన్యుశాస్త్రమునే నిర్మూలించుచుండగా, 1928లో తన్ను ఆ దేశమునకు ఆహ్వానించిన మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో చెఱసాలలో మరణించియుండగా, హాల్డేన్ బహిరంగముగా దానిని ఖండింపలేక చాలకాలము తడబడెను. తుదకు పక్షమును వీడెను. కాని ఆ మౌనము తుడిచివేయరానిది. తలకును హృదయమునకును గల సంబంధమును గూర్చి రస్సెల్ చెప్పినది ఇంత సులభముగా ఒప్పుకొనవచ్చునా యని సందేహము కలుగుట కిదియే హేతువు: హాల్డేన్‌ను మోసగించినది దయలేమి కాదు, పీడితులయెడ గల దయయే, ఒక పక్షమునకు కట్టుబడి కన్నులు మూసికొనెను.

ఇక మూడవ గ్రంథము. ఆల్డస్ హక్స్‌లీ యౌవనమున ఆక్స్‌ఫర్డునందు హాల్డేనుల యింట నివసించినవాడు; కంటిజబ్బు రాకున్నచో వైద్యుడు కాగోరినవాడు. 1932లో అతడు వ్రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవల శిశువులను సీసాలలో పెంచు కర్మాగారపు వర్ణనతో ఆరంభమగును. హాల్డేన్ ఊహించిన బాహ్యగర్భము ఇచ్చట రాజ్యము చేతిలోని అచ్చుయంత్రమైనది. పై తరగతివారు కాదగిన పిండములకు సమృద్ధిగా పోషణము. క్రింది తరగతివారు కావలసిన పిండములకు ప్రాణవాయువును తగ్గించి, బుద్ధిని అణచి, తమ హీనస్థితిని తామే ప్రేమించునట్లు నిద్రలో పాఠములు చెప్పుట. ఇట్లు ఐదు తరగతులు. పాశ్చాత్య పాఠకులు దీనిని భవిష్యత్తును గూర్చిన భయంకరస్వప్నముగా చదివిరి. పుట్టుకనుబట్టి వృత్తిని నిర్ణయించి, ఆ నిర్ణయమును పూర్వజన్మకర్మఫలముగా నమ్మించిన సమాజమున పుట్టిన మనము దీనిని భవిష్యత్తుగా మాత్రమే చదువుట న్యాయము కాదు. హక్స్‌లీకి సీసాలు కావలసివచ్చెను. మనకు సీసాలు లేకయే ఆ పని చాలవఱకు నెఱవేఱినది.

నిజముగా ఆ విద్య వచ్చినది ఏ త్రోవన? 1978 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీస్ బ్రౌన్ జన్మించెను. గర్భమునకు వెలుపల ఫలదీకరణము చెందిన అండమునుండి పుట్టిన మొదటి శిశువు ఆమెయే. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అనువారు పదియేండ్లు శ్రమించి సాధించిన ఫల మది. ఉత్తమజాతిని పెంచవలెనను ప్రభుత్వము వారి వెనుక లేదు. ప్రజలను లొంగదీయగోరు నియంతయు లేడు. అండవాహికలు మూసికొనిపోయి బిడ్డలు కలుగని యొక శ్రామికకుటుంబపు దంపతుల కోరిక మాత్రమే ఉన్నది. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ కృషిచే మఱియొక ఆడుశిశువు జన్మించినది. అండములు విరివిగా పక్వమగుటకు హార్మోనుల నిచ్చుట, పిండమును గడ్డకట్టించి భద్రపఱచి తరువాతి ఋతుచక్రమున గర్భమున ప్రవేశపెట్టుట మున్నగు ఆయన పద్ధతులు తరువాత లోకమంతట వాడుకలోనికి వచ్చినవి. కాని ప్రభుత్వము నియమించిన విచారణసంఘము ఆయన మాటను నమ్మలేదు. విదేశమునకు పోయి తన పనిని వివరించు అవకాశమును ఆయన కీయలేదు. తుదకు నేత్రవైద్యశాలకు బదిలీ చేసిరి. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. పదునాఱేండ్ల పిమ్మట, భారతదేశమున మొదటివాడుగా తానే కీర్తినొందిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్, ముఖోపాధ్యాయ చేతివ్రాత పత్రములను చదివి, ఆ కీర్తి తనది కాదు ఆయనదని 1997లో ప్రకటించెను. మానవస్వభావమును గూర్చి ఈ వృత్తాంతమొక్కటి బోధించినంతగా పై మూడు గ్రంథములును బోధింపవని చెప్పుటకు నాకు సంకోచము లేదు. ఈర్ష్య, అధికారగర్వము, నిర్మోహమైన న్యాయబుద్ధి, మూడును ఇందున్నవి.

హాల్డేన్, రస్సెల్, హక్స్‌లీ ముగ్గురును శిశువును రాజ్యము కోరునని తలచిరి. కోరినది తల్లి. గొడ్రాలన్న నింద పడలేక, శుభకార్యములందు ప్రక్కకు తొలగి నిలువలేక, ఉన్న నగలను కుదువబెట్టి ఆసుపత్రి మెట్లెక్కు స్త్రీ ఈ మువ్వురి ఊహకును అందలేదు. ఆమె వెనుకనే వచ్చిన వర్తకుడును అందలేదు. గుజరాతులోని ఆనంద్ పట్టణము మొదలుగా మన దేశమున బీదస్త్రీలు పరుల బిడ్డలను కూలికి మోయుట యొక వ్యాపారముగా పెరిగి, 2021లో అద్దెగర్భ నియంత్రణ శాసనము దానిని నిషేధించువఱకు సాగినది. హాల్డేన్ కోరిన యంత్రము ఇంకను సిద్ధము కాకమునుపే, ఆ యంత్రపు స్థానమున మనుష్యుని నిలిపినది డబ్బు.

ఐనను హాల్డేన్‌యెడ నాకు గల గౌరవము తఱుగదు. అది అతని ఊహలయెడ గల గౌరవము మాత్రమే కాదు. అతడు ఏ ప్రయోగమును చేయదలచినను మొదటి పాత్రము తన శరీరమే. రక్తపు ఆమ్లత్వము మాఱిన ఊపిరి ఎట్లుండునో తెలియుటకు అమ్మోనియం క్లోరైడును త్రాగి రొప్పుచు గడిపెను. 1939 జూన్‌లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన పిమ్మట, అధికపీడనమున మనుష్యు డెంతవఱకు నిలువగలడో కనుగొనుటకు ఉక్కుగదిలో కూర్చుండి, వెన్నెముకకు తగిలిన దెబ్బను జీవితాంతము భరించెను. సూయెజ్ దురాక్రమణమును నిరసించుచు 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి, భారతపౌరుడై, పంచె కట్టి, పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావు వంటి యువకులను శిష్యులుగా స్వీకరించి, ఖరీదైన యంత్రములు లేకయే కన్నులతో చూచి లెక్కించుటచే శాస్త్రము చేయవచ్చునని వారికి నేర్పెను. ఆ శిష్యుడు లంటానా పూవుల రంగులలో ఏ రంగుపై ఏ సీతాకోకచిలుక వ్రాలునో లెక్కించినదియు, చెవి అంచుపై మొలచు దట్టమైన వెండ్రుకలు తండ్రినుండి కుమారులకే సంక్రమించునా యని ఆంధ్రదేశపు కుటుంబమున వంశవృక్షమును పరిశీలించినదియు అట్టి పనులే. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించిన హాల్డేన్ తన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అభ్యాసము కొఱకు ఒసగెను. ప్రయోగఫలమును ఇతరుల శరీరములపై రుద్దు పాలకులను గూర్చి రస్సెల్ పడిన భయమునకు హాల్డేన్ ‘డీడలస్’నందు సమాధానము వ్రాయలేదు, తరువాతి నలుబదియేండ్లు జీవించి ఆ సమాధానము నిచ్చెను.

శిష్యుడైన కృష్ణారావే 1995లో, ‘డీడలస్’ మూలగ్రంథమును దానిపై అనేక శాస్త్రజ్ఞుల పునర్విమర్శలను కలిపి ఒక సంపుటముగా ప్రకటించెను. చదువదలచినవారికి నా సలహా: ‘డీడలస్’ను ముందు చదివి, మఱుదినమే ‘ఇకారస్’ను చదువుడు, నడుమ ఎక్కువ వ్యవధి యుంచినచో హాల్డేన్ ఉత్సాహము మనస్సును ఆక్రమించుకొనును. హక్స్‌లీ నవలను తరువాత తీరికగా చదువవచ్చును.

2017లో ఫిలడెల్ఫియా శిశువైద్యశాలవారు నెలలు నిండని గొఱ్ఱెపిల్లలను కృత్రిమ గర్భద్రవముతో నింపిన సంచులలో నాలుగు వారములవఱకు పెంచగలిగిరి. ఇరువదిమూడు, ఇరువదినాలుగు వారములకే పుట్టిన మానవశిశువుల ఊపిరితిత్తులను కాపాడుటయే తమ ధ్యేయమని వారు చెప్పిరి. అట్టి శిశువును కన్న తల్లి ఆ సంచి ప్రక్కన నిలిచి ఏమి కోరునో, దాని వెల నెవరు చెల్లింతురో, వెల చెల్లింపలేని తల్లి ఏమగునో చెప్పు నాలుగవ గ్రంథము వ్రాయవలసియున్నది. దానిని వ్రాయువాడు కేంబ్రిడ్జి చర్చాసంఘమునకు పోనక్కఱలేదు. హైదరాబాదులోగాని విజయవాడలోగాని సంతానసాఫల్య కేంద్రము వెలుపలి బల్లపై కొన్ని దినములు కూర్చుండి, అచ్చట వేచియున్న స్త్రీల మాటలను విని, వానిని జీవరసాయనశాస్త్రముతోపాటు వ్రాయగలిగిన చాలును.